భవనాలను నడిపే సాఫ్ట్‌వేరు: కొత్త వెర్షను వల్ల మనకేమి మేలు?

(బుక్కపట్నంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో కరువుభత్యం గురించో, వైద్య బిల్లుల గురించో, లైఫ్ సర్టిఫికెట్టు గురించో మాట్లాడితే అందరికీ పనికొస్తుంది. భవనాలను నడిపే సాఫ్ట్‌వేరు గురించి మాట్లాడతానంటే "ఇది మనకెందుకయ్యా" అని కొందరికైనా అనిపించి ఉంటుంది. ఎందుకో మనవి చేస్తాను.

మనలో చాలామంది ఏడాదిలో సగం రోజులు బెంగుళూరులోనో హైదరాబాదులోనో పిల్లల దగ్గర గడుపుతున్నాము. అక్కడ పది పన్నెండు అంతస్తుల అపార్టుమెంట్లు. సంపులోని నీళ్లను మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించేదీ, కరెంటు పోతే జనరేటరును లేపేదీ, నేలమాళిగలో పొగ చేరితే ఫ్యాన్లు తిప్పేదీ చాలాచోట్ల ఒక కంప్యూటరే. పగటిపూట తీరిక ఉన్నవాళ్లం మనమే కాబట్టి ఆ అపార్టుమెంటు సంఘంలో కార్యదర్శి పదవో కోశాధికారి పదవో మన నెత్తినే పడుతుంది. ఒకరోజు కంపెనీ మనిషి వచ్చి "సార్, మీ సాఫ్ట్‌వేరు పాతబడింది. కొత్త వెర్షనుకు మారాలి, ఇన్ని లక్షలవుతుంది" అంటాడు. సర్వసభ్య సమావేశంలో లేచే ప్రశ్న ఒకటే. "బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి?"

న్యాయమైన ప్రశ్నే. పైసా పైసా లెక్కచూసి బతికిన మనబోటివాళ్లు అడగవలసిన ప్రశ్నే. ముప్పై ఏళ్లకు పైగా పెద్ద భవనాల కరెంటు, పంపులు, ఏసీ ప్లాంట్లు చూసిన ఉద్యోగం నాది. ఆ అనుభవంతో, నాకు తెలిసినంతవరకు, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఈ సాఫ్ట్‌వేరు చేసే పని ఏమిటో చూద్దాము. మన బుక్కపట్నంవాళ్లకు ఇది చెప్పడం సులభం. చిత్రావతి నీళ్లతో నిండే మన చెరువు విజయనగర రాజుల కాలం నాటిదని పేరు. అలాంటి చెరువుల కింద నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. చెరువులో ఎంత నీరుందో చూసేవాడు. ఏ తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎప్పుడు పారించాలో అతనికి తెలుసు. మరువ పారేటట్టుంటే ముందుగా కేకవేసేవాడు. చూడడం, నిర్ణయించడం, తిప్పడం, హెచ్చరించడం: ఈ నాలుగు పనులే నేడు భవనంలో కంప్యూటరు చేస్తున్నది. చూసే కన్నుకు సెన్సారు అని, తిప్పే చేతికి వాల్వు, మోటారు అని, మధ్యనున్న బుర్రకు కంట్రోలరు అని పేరు. సాఫ్ట్‌వేరు అంటే నీరుగంటికి ఉన్న ఆనవాయితీ జ్ఞానమన్నమాట.

ఈ విద్యకు మూలపురుషుడు ఒక ఉపాధ్యాయుడని చెబితే ఇక్కడున్న మాస్టర్లు సంతోషిస్తారు. మన ఊళ్లో డైట్ ఉన్నట్టే అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే ఊళ్లో ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఉండేది. వారెన్ జాన్సన్ అక్కడి అధ్యాపకుడు. చలికాలంలో నౌకరు మాటిమాటికీ తరగతి గదిలోకి వచ్చి, ఎంత వెచ్చగా ఉందో చూసుకుని, కిందికి పోయి కొలిమి సర్దేవాడు. పాఠం చెడేది. ఈ బాధ పడలేక జాన్సన్ గది వేడిమి తగ్గగానే కింద గంట మోగే విద్యుత్ పరికరాన్ని తయారుచేసి 1883లో పేటెంటు పొందాడు. 1885లో కంపెనీ పెట్టాడు. ఈనాటి జాన్సన్ కంట్రోల్స్ అదే.

ఇప్పుడిది మన చుట్టుపక్కలకూ వచ్చిన విద్యే. ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరులో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమైంది. అంతటి ఆసుపత్రుల్లో ఆపరేషను గదిలోని గాలి ఒత్తిడి బయటి వరండాలో కంటే కాస్త ఎక్కువగా ఉండాలి. లేకపోతే తలుపు తీసినప్పుడల్లా దుమ్ము లోపలికి వస్తుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. కార్లకు రంగు వేసే షెడ్డులో వేడి, తేమ లెక్క తప్పితే రంగు పాడవుతుంది. ఇలాంటివి ఇరవై నాలుగు గంటలూ మనిషి కాపలా కాసి చేయగలిగిన పనులు కావు.

తొలిరోజుల్లో ఒక చిక్కుండేది. ఒక కంపెనీ యంత్రం మాట మరొక కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. ఒకసారి ఒకరి దగ్గర కొంటే జన్మంతా వాళ్ల దగ్గరే కొనాలి. అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్‌రే ఇందుకోసం 1987లో ఒక కమిటీ వేసింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ న్యూమన్ దానికి అధ్యక్షుడు. 1995లో బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి భాష వెలువడింది. 2003లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇందులో ఒక ముచ్చట ఉంది. ఒకే మోటారుకు ఇద్దరు రెండు ఆజ్ఞలిస్తే ఎవరి మాట చెల్లాలి? మన ఆఫీసులో తహసీల్దారు ఉత్తర్వు మీద కలెక్టరు ఉత్తర్వు చెల్లినట్టు, అందులో 16 అంతస్తుల అధికారం ఉంది. మొదటిది ప్రాణరక్షణకు మనిషి చేత్తో ఇచ్చే ఆజ్ఞ. ఎనిమిదవది ఆపరేటరు చేత్తో ఇచ్చేది. మామూలు టైంటేబులు ఆజ్ఞలు వీటి కిందివి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

ఇక వెర్షనుల సంగతి. కంపెనీలు చాలా ఉన్నాయి, అన్నిటి గురించీ చెప్పడానికి వేళ చాలదు. ఉదాహరణకు ఒకటి తీసుకుంటాను. ట్రిడియం అనే కంపెనీ నయాగరా అనే సాఫ్ట్‌వేరు తయారుచేసింది. 2005లో ఆ కంపెనీని హనీవెల్ కొన్నది. వేరువేరు కంపెనీల యంత్రాలను ఒకే తాటి మీదికి తెచ్చేది కాబట్టి ఇది దేశదేశాల్లో వ్యాపించింది. దాని పాత తరం పేరు ఏఎక్స్. 2015లో నయాగరా 4 అనే కొత్త తరం వచ్చింది. పాతదానికి కంపెనీ మద్దతు 2021 జూలైతో ముగిసింది. కొత్త తరంలో వచ్చిన మార్పులు చూస్తే ఏ కంపెనీ సరుకుకైనా ఏమి అడగాలో తెలుస్తుంది.

మొదటిది, తెర. పాత తరంలో చాలా పేజీలు చూడాలంటే కంప్యూటరులోని బ్రౌజరుకు జావా అనే అదనపు తొడుగు తగిలించాలి. భద్రత చాలదని ఆ తొడుగును క్రోమ్ బ్రౌజరు 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో తీసేశాయి. దాంతో ఏమైంది? భవనం బొమ్మ కనబడడం కోసమే కొన్నిచోట్ల ఒక పాత కంప్యూటరును మార్చకుండా, సవరించకుండా మూల గదిలో కాపాడుకుంటూ వచ్చారు. అది చెడిందంటే పంపులు తిరుగుతున్నా చూసే కన్ను పోయినట్టే. కొత్త తరానికి ఆ తొడుగు అక్కరలేదు. మామూలు బ్రౌజరులో, చేతిలోని ఫోనులో కూడా కనబడుతుంది. కంపెనీ మనిషి మనకు చూపించి మురిసేది ఈ రంగుల తెరనే. నా లెక్కలో మాత్రం అసలు మేలు దీని తరువాతివాటిలో ఉంది.

రెండవది, తాళం. పాతరోజుల్లో అందరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. అది గోడ మీద పెన్సిలుతో రాసి ఉండేది. కొత్త తరం గట్టి పాస్‌వర్డు లేనిదే ఒప్పుకోదు. ఎవరి హోదా ఏమిటో రాసుకుని ఆ మేరకే లోపలికి రానిస్తుంది. వాచ్‌మన్‌కు చూసే హక్కు, ప్లంబరుకు పంపు నడిపే హక్కు, ఇంజనీరుకు లెక్కలు మార్చే హక్కు. ఎవరు ఏ గంటకు ఏమి మార్చారో రాసే చిట్టా పాతదానిలోనూ ఉంది. కానీ అందరూ ఒకే పేరుతో సంతకం చేస్తే ఆ హాజరుపట్టీకి విలువేముంది?

మూడవది, సీలు. ట్రెజరీలో పనిచేసినవారికి లక్క సీలు సంగతి చెప్పనక్కరలేదు. సంచి విప్పారా లేదా అన్నది సీలు చూస్తే తెలుస్తుంది. కొత్త తరంలో సాఫ్ట్‌వేరు ముక్కలకు అలాంటి సీలు వేస్తారు. తయారుచేసినవాడి సీలు లేకపోయినా, సీలు చెదిరినా పట్టుకుంటుంది. మధ్యదారిలో ఎవరైనా చేయిపెట్టి ఉంటే దొరికిపోతారు.

నాలుగవది, పేర్లు. పాతదానిలో ప్రతి సెన్సారుకూ కాంట్రాక్టరు తోచిన పేరు పెట్టేవాడు. ఆ మనిషి వెళ్లిపోతే అది ఏ గదిదో తెలిసేది కాదు. కొత్తదానిలో ప్రతిదానికీ గుర్తులు తగిలించవచ్చు: ఇది వేడిమి కొలిచేది, గాలిది, మూడో అంతస్తుది అని. అడంగల్లో సర్వే నంబరు ఒక్కటే రాసి ఊరుకోము కదా. మాగాణియా మెట్టా, సాగుదారు ఎవరు, నీటి ఆధారమేమిటి అన్నీ రాస్తాము. ఇదీ అలాంటిదే. తరువాత వచ్చిన మనిషి ఆ గుర్తులతో వెతికి పట్టుకోగలడు.

ఐదవది ఇటీవలిది. ఇందాక చెప్పిన బ్యాక్‌నెట్ ఉమ్మడి భాష పోస్టుకార్డు వంటిది. దారిలో ఎవరైనా చదవవచ్చు. ఎవరైనా దొంగ కార్డు రాసి మోటారు ఆపమనవచ్చు. 2020 నాటి ప్రమాణంలో దీనికి సురక్షిత రూపాన్ని చేర్చారు. అంటే ఉత్తరం కవరులో పెట్టి అంటించి, పంపినవాడి గుర్తింపు చూసిన తరువాతే పుచ్చుకునే ఏర్పాటు.

"మా అపార్టుమెంటు జోలికి ఎవరొస్తారు?" అనవచ్చు. రెండు ఉదాహరణలు చెబుతాను. 2013లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో గూగుల్ కార్యాలయమున్న భవనం నియంత్రణ వ్యవస్థలోకి ఇద్దరు భద్రతా పరిశోధకులు ఇంటర్నెట్టు ద్వారా ప్రవేశించి చూపించారు. అక్కడున్నది నయాగరా పాత తరమే. లోపానికి కంపెనీ అప్పటికే సవరణ ఇచ్చింది, కానీ ఆ భవనంలో ఎవరూ వేయలేదు. వాళ్లు మంచివాళ్లు కాబట్టి గూగుల్‌కు తెలియజేశారు. వెంటనే ఆ వ్యవస్థను ఇంటర్నెట్టు నుంచి విడదీశారు. కంప్యూటర్లకే పుట్టినిల్లయిన కంపెనీకే ఇలా అయిందంటే మన సంగతి ఆలోచించండి.

రెండవది మనబోటివాళ్లుండే ఇళ్ల కథ. 2016 నవంబరులో ఫిన్లాండులోని లాపెన్‌రాంటా ఊళ్లో రెండు అపార్టుమెంట్లకు వేడినిచ్చే కంట్రోలర్లు ఉన్నట్టుండి మళ్లీ మళ్లీ ఆగి మొదలవసాగాయి. ఇంటర్నెట్టు నుంచి వచ్చిపడిన దొంగ సందేశాల వెల్లువే కారణం. అది చలిదేశం. ఇంట్లో వేడి ఆగిపోతే ముందుగా ఎవరికి ప్రమాదం? మన వయసువాళ్లకే. ఎవరో వాళ్ల మీద పగబట్టి చేసింది కాకపోవచ్చు. గేటు తీసి ఉంటే పశువు చేలో పడడానికి పగ అక్కరలేదు.

కాబట్టి "పనిచేస్తోంది కదా" అన్నదానికి నా సమాధానం ఇది. పనిచేయడం వేరు, కాపలా ఉండడం వేరు. మద్దతు ముగిసిన సాఫ్ట్‌వేరు ఈవేళ మోటారు తిప్పుతుంది, రేపూ తిప్పుతుంది. కానీ అందులో కొత్తగా బయటపడిన రంధ్రాన్ని పూడ్చేవాడు లేడు. చెరువు కట్ట నిలబడే ఉంది కదా అని ఎలుక బొరియను వదిలేస్తే ఏమవుతుందో ఈ ఊరివాళ్లకు నేను చెప్పాలా?

అంతమాత్రాన కంపెనీవాడు అడిగినంతా ఇచ్చేయమని అనడం లేదు. కొత్త వెర్షను వేసినంత మాత్రాన కరెంటు బిల్లు తగ్గదు. తగ్గించేది ఏర్పాటూ, కొలతా. హైదరాబాదు దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు 2011 ప్రాంతంలో సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనం కట్టి, సగానికి మామూలు ఏసీ, మిగతా సగానికి శ్లాబులో గొట్టాలు పరచి చల్లటి నీళ్లు ప్రవహింపజేసే పద్ధతి పెట్టారు. రెండేళ్లు కొలిచి చూస్తే రెండో సగం సుమారు మూడోవంతు తక్కువ కరెంటు వాడింది. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగారంటే రెండు వైపులా మీటర్ల లెక్కలు నిలవ ఉండబట్టే. మన ఇంటి ఏసీకైనా 24 డిగ్రీలు పెట్టుకుంటే చాలునని ఇంధన సామర్థ్య బ్యూరోవారు చెబుతున్నారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని వారి లెక్క. దీనికి సాఫ్ట్‌వేరు అక్కరలేదు, మన వేలు చాలు.

నాకు తెలిసిన ఒక అపార్టుమెంటు సంగతి చెప్పాలి. పేరు అనవసరం. మెయింటెనెన్సు కాంట్రాక్టరుకు, సంఘానికి డబ్బు విషయంలో తగాదా వచ్చింది. కాంట్రాక్టరు వెళ్లిపోయాడు, పాస్‌వర్డు అతనితోపాటే వెళ్లిపోయింది. మూడు వారాలపాటు వాచ్‌మన్ మిద్దె ఎక్కి ట్యాంకులోకి తొంగిచూసి, కిందికి దిగి మోటారు వేయవలసి వచ్చింది. తొమ్మిదో అంతస్తులో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. మంచం దిగలేని మనిషి. ఆ మూడు వారాలూ ఆమె కోడలు బిందెలతో నీళ్లు నిలవ పెట్టుకుని ఆమెను చూసుకుంది. అక్కడున్నది కొత్త వెర్షనే సుమండీ. తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి పరాయివాడి మొలతాడుకుంటే ఇల్లు మనది కాదు.

అందుచేత మీలో ఎవరైనా అపార్టుమెంటు సంఘంలో ఉంటే, డబ్బు మంజూరు చేసేముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసి కంపెనీవారిని అడగండి. జవాబులు కూడా రాతపూర్వకంగానే పుచ్చుకోండి.

1. ఇప్పుడు మా భవనంలో ఉన్న వెర్షను ఏది? దానికి మద్దతు ఏ తేదీదాకా ఉంది? కొత్తదానికి ఏ తేదీదాకా ఇస్తారు?

2. అన్నిటికంటే పై హోదా పాస్‌వర్డు సంఘం చేతికి ఇస్తారా? ఇస్తే దాన్ని కవరులో పెట్టి, సీలు వేసి, ఇద్దరు పదవిదారుల సంతకాలతో భద్రం చేయండి. పదవి మారినప్పుడు చార్జి లిస్టులో రాసి అప్పగించండి, పాస్‌వర్డు మార్పించండి.

3. మొత్తం ఏర్పాటుకు నకలు తీసి మాకు ఇస్తారా? కంప్యూటరు కాలిపోతే ఆ నకలుతో ఎన్ని గంటల్లో తిరిగి నిలబెడతారు?

4. ఈ వ్యవస్థ ఇంటర్నెట్టుకు తగిలించి ఉందా? ఉంటే ఎందుకు, ఏ కాపలాతో? అవసరం లేకపోతే విడదీయండి.

5. చేత్తో ఇచ్చిన ఆజ్ఞలు ఎన్ని అలాగే నిలిచిపోయి ఉన్నాయి? ఇందాక 16 అంతస్తుల అధికారం చెప్పాను. ఎప్పుడో రిపేరు రోజున ఎవరో ఎనిమిదో అంతస్తు నుంచి "మోటారు ఆపు" అని ఆజ్ఞ ఇచ్చి మరచిపోతే, కింది టైంటేబులు ఎంత మొత్తుకున్నా అది తిరగదు. పాత వెర్షనైనా కొత్తదైనా నెలకొకసారి ఆ జాబితా తీయించి చూడాలి.

6. కంప్యూటరు పూర్తిగా ఆగితే నీళ్లు, లిఫ్టు, మంటలార్పే పంపు నడుస్తాయా? పంపు ప్యానెలు మీద ఆటో, మాన్యువల్ అని తిప్పే స్విచ్చు ఉండాలి. మంటలార్పే పంపు దాని సొంత ప్యానెలుతోనే నడవాలి, ఈ సాఫ్ట్‌వేరు దాన్ని చూస్తుంటే చాలు. సంవత్సరానికి రెండుసార్లయినా కంప్యూటరు ఆపి, చేత్తో నడిపి చూడండి. ఆ స్విచ్చు ఎక్కడుందో రాత్రి వాచ్‌మన్‌కు తెలియాలి.

ఈ ఆరింటికీ సరైన జవాబులు వస్తే డబ్బు మంజూరు చేయవచ్చు. జవాబు రాకుండా రంగుల తెర ఒక్కటే చూపిస్తే, మరొకసారి రమ్మని మర్యాదగా పంపించవచ్చు.

"మాకు కంప్యూటర్లు తెలియవు" అని మనం వెనుకంజ వేయనక్కరలేదు. పై ప్రశ్నల్లో కంప్యూటరు విద్య ఎంత ఉంది చెప్పండి? తాళంచెవి ఎవరి దగ్గర, నకలు ఎక్కడ, చార్జి ఎవరు అప్పగించారు, గడువు ఎప్పుడు: జీవితమంతా మనం చేసిన ఉద్యోగం ఇదే. పిల్లలకు సాఫ్ట్‌వేరు రాయడం తెలుసు. రిజిస్టరు నడపడం మనకు తెలుసు. ఈ రెండు తెలివీ ఒకచోట చేరితే ఆ భవనంలో తొమ్మిదో అంతస్తు పెద్దావిడ కొళాయి తిప్పినప్పుడు నీళ్లు వస్తాయి.

 భోజనాల తరువాత నేను ఇక్కడే ఉంటాను. మీ అపార్టుమెంటు కాగితాలు ఏమైనా తెచ్చి ఉంటే చూపించండి, కూర్చుని చూద్దాము. సెలవు.